చీరకు ‘ఫెయిర్ ట్రేడ్’ అట్ట కట్టినారు. ధర్మవరం మగ్గానికి దాంతో ఏమన్నా ముడ్తుందా?

పెన్నాగట్టు | అనంతపురం, ఉండేది బెంగళూరు

అన్నలకు, అక్కలకు నమస్తే. మాఘంలో మా చెల్లెలి పెళ్ళి. ముహూర్తం చీర ధర్మవరం పట్టే కావల్లని మా అమ్మ కూచుంది. ఇక్కడ ఒక దుకాణానికి పోతే 21,500 చీర చూపించినారు. చీరకు వంక పెట్టేదానికి లేదు. దానికి వేలాడే అట్ట మీద ‘ఫెయిర్ ట్రేడ్, నేతన్నకు న్యాయమైన ధర’ అని అచ్చేసినారు. న్యాయమైన ధర అంటే ఎంతప్పా అని అడిగితే సేల్స్ అబ్బాయి నవ్వి, ‘అది కంపెనీ పాలసీ సార్’ అన్నాడు.

మా జేజి వాళ్ళది ధర్మవరమే. చిన్నప్పుడు సెలవులకు పోతే వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా మగ్గాల చప్పుడే. అందుకే మనసులో ఊరికే గెలుకుతాంది. ఈ అట్టకు అర్థం ఉందా? 21,500లో నేసినోళ్ళ చేతికి పోయేదెంత? నేరుగా మగ్గం దగ్గరికే పోయి కొంటే వాళ్ళకేమన్నా మేలు జరుగుతుందా, లేదంటే నేను చేసేది ఉత్త బేరమేనా?


లెక్కలసారు | కర్నూలు

అట్టల్లో ఏది దేనికో చాలామందికి తెలీదు. ముందు అది తేల్చుకుందాం.

సిల్క్ మార్క్ 2004లో వచ్చింది. పట్టు అసలుదా కాదా అన్నదొక్కటే అది చెప్తుంది. మరమగ్గం మీద నేసిన పట్టుకు కూడా ఆ గుర్తు వేసుకోవచ్చు. హ్యాండ్లూమ్ మార్క్ 2006లో వచ్చింది, చేమగ్గం మీద నేసిందని చెప్తుంది. 2015లో వచ్చిన ఇండియా హ్యాండ్లూమ్ బ్రాండ్ నాణ్యత చూస్తుంది. జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు, ఊరి పేరును కాపాడుతుంది. ధర్మవరం చేనేత పట్టు చీరలకూ పావడాలకూ కలిపి జీఐ ఉంది. నాలుగూ మంచివే. అయితే ఈ నాలుగింట్లో ఒక్కటి కూడా కూలి మాట ఎత్తదు. నేసినామెకు ఎంతిచ్చినా, అసలు ఇవ్వకపోయినా, గుర్తు గుర్తే.

కూలి మాట ఎత్తేది ఫెయిర్ ట్రేడ్. ప్రపంచ ఫెయిర్ ట్రేడ్ సంస్థ, అంటే డబ్ల్యూఎఫ్‌టీఓ, 10 సూత్రాలు పెట్టుకుంది. ధర ఇద్దరూ కూచోని మాట్లాడుకోవాలి, పిల్లలతో పని చేయించకూడదు, ఆడవాళ్ళకు సమానంగా ఇవ్వాలి, లెక్క దాచకూడదు, ఇట్లాంటివి. సంస్థను తనిఖీ చేసినాకనే వాళ్ళ గుర్తు వాడుకోనిస్తారు. అట్ట మీద ఆ గుర్తు లేకుండా ఉత్త ‘ఫెయిర్ ట్రేడ్’ అన్న రెండు మాటలే ఉంటే, వాటిని అచ్చేసినాయన మాట తప్ప వేరే ఆధారం లేదు.

ఇంకో తిరకాసు కూడా ఉంది. ఫెయిర్‌ట్రేడ్ పత్తి గుర్తు అని వేరేగా ఒకటి ఉంటుంది. అది పత్తి పండించిన రైతు గురించిన గుర్తు. మన ఆదోని భాషలో చెప్పాలంటే అది పత్తి యార్డు దగ్గర ఆగిపోతుంది, మగ్గం గడప తొక్కదు.


మగ్గంగుంట | ధర్మవరం

తమ్ముడూ, అట్టల సంగతి సారుకు తెలుసు. నాకు తెలిసింది మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంత. ఇరవై రెండేండ్లుగా కాళ్ళు దాంట్లోనే ఉన్నాయి. మా ఇంటి లెక్క చెప్తా. ఊరందరిదీ ఇదే అని మటుకు అనను.

నాది కూలి మగ్గం. పట్టు, జరీ, డిజైను షావుకారివి. మగ్గం, ఇల్లు, నడుంనొప్పి నావి. వార్పుకు, అంటే ఒకసారి మగ్గానికెక్కించే పడుగుకు, మూడు చీరలు. చీరకు కూలి 4,500. నేను నేస్తా. కుట్టు అంచు, అంటే అంచు వేరే దారంతో నేసేది కాబట్టి, మా ఇంటామె పక్కన కూచోని రెండో అంచు నాడె, అడ్డం పోగు పారించేది, చూసుకుంటాది. మా యమ్మ కండెలు చుడ్తాది. చీరకు ఆరు దినాలు. మూడూ అయినాక కొత్త వార్పు వస్తే, పాత పోగు కొసకు కొత్త పోగు మెలేసి ఒక్కొక్కటే అతకల్ల. వేల పోగులు. రెండు దినాలు ఆడికే సరి.

అంటే 20 దినాలకు 13,500. దినానికి 675. ముగ్గురికీ పంచితే తలా 225. ఉపాధి హామీ పనికి 2025-26కు దినం కూలి 307 అని పంచాయతీలో అంటించినారు. లెక్క నువ్వే చూసుకో.

వానల్లో గుంతలో నీళ్ళూరితే కూచోవల్సిందే. మొన్న పది దినాలు కూచున్నాం. అవి ఈ లెక్కలో వేయలే.


జరీపోగు | ప్రొద్దుటూరు

అన్నా, మీ 225 చదివినాక నా సంగతి కూడా చెప్పకపోతే బాగుండదు. నేను ఇంటి దగ్గర్నుంచే వాట్సాప్‌లో చీరలు అమ్ముతాను. ఆ తమ్ముడు 21,500కు చూసిన లాంటి చీర నేను 16,000కు ఇస్తా. నాకు 1,200 దాకా మిగుల్తుంది. షాపుకు బాడిగ, కరెంటు, అద్దాలు, ఏసీ ఉంటాయి, నాకవి లేవు.

ఫొటో కింద ‘నేరుగా నేతన్న నుంచి’ అని రాస్తే ఆర్డర్లు రెండింతలు వస్తాయి. నేనూ రాసినా. మూడేండ్లలో నేను మగ్గం ఉన్న ఇంట్లోకి పోయింది రెండే సార్లు, అదీ ఫొటోలకు. సరుకంతా ధర్మవరంలో ఒక హోల్‌సేల్ ఆయన దగ్గర తెచ్చుకుంటా. కాబట్టి అట్టను నమ్మొద్దు తమ్ముడూ, నా స్టేటస్‌నూ నమ్మొద్దు.


కోటవీధి | ధర్మవరం

అందరూ షావుకారును తిట్టేదానికి ముందు నాదీ ఒక మాట వినండి. మా నాయన నలభై మగ్గాలకు సరుకిస్తాడు.

పట్టు కర్ణాటక నుంచి వస్తుంది, జరీ సూరత్ నుంచి. రామనగరం సంతలో పట్టుగూళ్ళ ధర ఎగిరితే మాకు పట్టు ధర ఎగుర్తుంది, అప్పటికే దుకాణాలకు చెప్పిన చీర ధర మాత్రం పెరగదు. దుకాణాలోళ్ళు చీరలు తీసుకొని మూడు నాలుగు నెలలకు డబ్బులిస్తారు. రంగు నచ్చలేదని సగం తిప్పి పంపిస్తారు. 2020 లాక్‌డౌన్‌లో పెండ్లిండ్లు ఆగిపోతే మా ఇంట్లో మంచాల కింద కూడా చీరలే. ఆ చీరలకు కూలి అప్పటికే ఇచ్చేసినాం, తిరిగి అడగలేదు కదా.

అడ్వాన్సు సంగతి ఎవరూ ఎత్తలేదు, నేనే ఎత్తుతా. పైసా వడ్డీ లేకుండా నేతాయనకు లక్ష, లక్షన్నర ఇస్తాం. అట్టలు కట్టుకునే కంపెనీ ఏదన్నా ఉంటే చెప్పండి, నేతాయన కొడుకును రాత్రి పదకొండుకు అనంతపురం ఆసుపత్రికి తీసుకపోతే చేతిలో డబ్బులు పెట్టేది? మా నాయన పెట్టినాడు.


మగ్గంగుంట | ధర్మవరం

కోటవీధి తమ్ముడూ, నువ్వు చెప్పింది అబద్ధం కాదు. నాకూ ఒక షావుకారు ఇచ్చినాడు. పాప పుట్టినప్పుడు 60,000. ఇంటికి పైకప్పు వేసుకునేప్పుడు 50,000. వడ్డీ లేదు, పత్రం లేదు, మాట మీదే.

అయితే ఆ 1,10,000 తీరేదాకా ఇంగొకరికి ఒక్క మూర కూడా నేసేదానికి లేదు. కూలి 200 పెంచయ్యా అంటే ‘అడ్వాన్సు కట్టేసి పో’ అంటాడు. నాకు నచ్చిన ఇంకో షావుకారు నన్ను తీసుకోవల్లంటే ఈయనకు ఆ 1,10,000 కట్టి నన్ను తెచ్చుకోవల్ల. అప్పుడు మారేది షావుకారు. బాకీ మారదు, కూలీ పెద్దగా మారదు. వడ్డీ లేదంటావు. నెలనెలా పెరగని కూలిలో నేను కట్టేది ఏందని నువ్వే చెప్పు.

నీ మీద కోపం లేదు. మీ నాయన మంచోడే అని మా వీధిలో కూడా అంటారు.


లెక్కలసారు | కర్నూలు

ఇక్కడ ఆగాలి మనం. పెన్నాగట్టు అడిగిన ప్రశ్నకు జవాబు ఈ ‘అడ్వాన్సు’ అన్న మాటలోనే ఉందని నాకు అనిపిస్తాంది.

నేను చెప్పిన 10 సూత్రాల్లో ఒకటి చెల్లింపుల గురించి. చేతిపని వస్తువులకు ఆర్డరిచ్చిన కొనుగోలుదారు, చేసేవాళ్ళు అడిగితే, కనీసం 50 శాతం ముందే ఇవ్వాలి, వడ్డీ లేకుండా. అక్కడా అడ్వాన్సే, వడ్డీ లేనిదే. ధర్మవరంలో ఇచ్చేదీ అడ్వాన్సే, వడ్డీ లేనిదే. మాట ఒకటే.

అక్కడ అడ్వాన్సు చీర మీద ఇస్తారు. చీర చేతికి రాగానే అది తీరిపోతుంది, ఆ తర్వాత ఎవరి దారి వారిది. ఇక్కడ అడ్వాన్సు మనిషి మీద ఇస్తారు. ఎన్ని చీరలు నేసినా అది చీరతో తీరదు, ఎందుకంటే కూలిలోంచి కోసుకుంటే ఇల్లు గడవదు, కోసుకోకపోతే బాకీ అట్లే ఉంటుంది. కోటవీధి వాళ్ళ నాయన మంచితనం దీన్ని మార్చలేదు. ఆయన మంచితనం వల్ల రాత్రి పదకొండుకు డబ్బు దొరికింది, నిజమే. ఆ డబ్బు దొరికేదానికి ఊర్లో ఇంకో చోటు లేదన్నది కూడా నిజమే కదా.

నేతగాళ్ళకు 6 శాతం వడ్డీకి ముద్ర రుణాలున్నాయి. కాగితం మీద బాగుంది.


మగ్గంగుంట | ధర్మవరం

ముద్రకు నేనూ పోయినా సార్. ఒక బ్యాంకులో నాలుగుసార్లు తిరిగినా. మగ్గం సొంతమే గానీ దాని మీదున్న సరుకు నాది కాదు కదా, ఏం చూసి ఇయ్యల్ల అన్నారు. నాలుగు దినాల కూలి పోయింది, ఐదోసారి పోతే ఇంకో దినం నేత పోతుంది. ఇడ్సిపెట్టినా.


దుప్పటిమడత | ఎమ్మిగనూరు

ఆలస్యంగా చూసినాను ఈ చర్చ. నాకు డెబ్బై దాటినాయి, టైపు చేసేదానికి మనవడు సాయం చేస్తాండాడు, తప్పులుంటే వానివి.

లెక్కలసారు, ‘ఇంకో చోటు లేదు’ అన్నారు చూడండి, ఆ ఇంకో చోటు పెట్టాలనే 1938లో మా ఊర్లో మాచాని సోమప్ప గారు నేత సహకార సంఘం పెట్టినారు. తర్వాత ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఫెయిర్ ట్రేడ్ అన్న మాట మాకప్పుడు తెలీదు. మా నాయన ఆ సంఘంలో వాటాదారు. సంఘం నూలిస్తుంది, నేసిన దుప్పట్లు, తువ్వాళ్ళు సంఘమే తీసుకుంటుంది, కూలి రేటు గోడ మీద రాసి ఉంటుంది. మా నాయన చదవలేడు, కానీ ఆ గోడ దగ్గరికి పోయి నన్ను చదివించుకునేవాడు. ప్రతి రేటూ. నా అక్షరాలు నేను దిద్దుకునింది పలక మీద కంటే ఆ గోడ మీదే ఎక్కువ.

వాటాదారు అంటే కూలోడు కాదు. సర్వసభ్య సమావేశంలో లేచి నిలబడి ‘ఈ రేటు చాలదు’ అనొచ్చు. మా నాయన అన్నాడు కూడా, ఒకసారి. ఇంటికొచ్చి మూడు రోజులు అదే చెప్పుకున్నాడు.

తర్వాత ఏమైందంటే చాంతాడంత చెప్పాల. చాలా సంఘాలు జనతా చీరలు, జనతా పంచెలంటూ ప్రభుత్వం కొనేదాని మీదే బతకడం మొదలుపెట్టినాయి. ఆ పథకం పోయింది. మరమగ్గాల దుప్పట్లు సగం ధరకు సంతలోకి వచ్చి పడినాయి. 1976లో రాష్ట్ర చేనేత సహకార సంస్థ ఆప్కో వచ్చి కొన్నాళ్ళు ఊపిరిచ్చింది గానీ, ఒకే కొనుగోలుదారు మీద ఆధారపడితే ఆయనకు జలుబు చేసినా మనం మంచం పట్టాల్సిందే. కొన్నిచోట్ల అసలు నేయనోళ్ళ పేర్లు కూడా సభ్యుల పట్టీల్లో ఎక్కినాయి. అది మనోళ్ళు చేసుకున్నదే, వేరే వాళ్ళను అనేదానికి లేదు.


పేకదారం | మాధవరం, సిద్ధవటం మండలం

తాతగారూ, గోడ మాట చదివి కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి. మా ఇంట్లో ఎవరూ రేటు అడిగింది నేను వినలేదు.

నేను బీటెక్ చదివి హైదరాబాదులో పని చేస్తాండా. మా అన్న మగ్గం వదిలి కువైట్ పోయినాడు, మా కడప వైపు అది మామూలే. ఇంట్లో ఇప్పుడు నేసేది అమ్మ ఒక్కతే. నాయన చూపు తగ్గింది. అయినా గుర్తింపు కార్డు నాయన పేరు మీదే ఉంది. కూలి కూడా ఆయన చేతికే ఇస్తారు. నేసేదెవరమ్మా అని ఎవరన్నా అడిగితే అమ్మే చెప్తుంది, ‘ఆయన నేస్తాడు, నేను ఊరికే సాయం’ అని.

2019-20లో జరిగిన నాలుగో చేనేత గణనలో దేశమంతా 35 లక్షల మంది చేనేత పనివాళ్ళు తేలితే, అందులో నూటికి 72 మంది ఆడవాళ్ళే. అంత మంది ‘ఊరికే సాయం’ చేస్తాండారన్నమాట. 2019 డిసెంబరులో ధర్మవరంలో మొదలైన నేతన్న నేస్తం పథకంలో ఏడాదికి 24,000 ఇచ్చినారు, సొంత మగ్గం ఉన్న ఇంటికి. ఇంటికి ఒక పేరు. కండెలు చుట్టే అవ్వలు, ఆసు పోసేవాళ్ళు, అద్దకం వాళ్ళు అందులో లేరు. (పార్టీల గొడవలోకి ఎవరూ దిగొద్దండీ, దయచేసి.)

మగ్గంగుంట అన్నా, మీరు ముగ్గురికీ పంచి చెప్పినారు చూడండి, మీ యమ్మను కూడా లెక్కేసి. అట్లా లెక్క చెప్పిన నేతగాడిని నేను ఇదే చూడడం.


మగ్గంగుంట | ధర్మవరం

లెక్కేయకపోతే మా యమ్మ ఊరుకోదు మా.


జరీపోగు | ప్రొద్దుటూరు

నాకొక సందేహం. మరమగ్గం చీరను చేనేత అని అంటగడ్తే నాలాంటోళ్ళు కనిపెట్టేదెట్లా? ఒకసారి మోసపోయినా, పేరు చెప్పను.


మగ్గంగుంట | ధర్మవరం

అక్కా, కుట్టు అంచు చీర అయితే సులభం. అంచుకు వేరే నాడె, ఒంటికి వేరే నాడె. రెండు పేకలూ, అంటే అడ్డం పోగులు, కలిసే చోట ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. వేలు పెట్టి తడిమితే రంపం పండ్ల మాదిరి సన్నంగా తగుల్తాది. అంచు రంగు ఒంట్లోకి పోదు, ఒంటి రంగు అంచులోకి రాదు. మామూలు మరమగ్గంలో ఒకే పేక ఈ కొస నుంచి ఆ కొసకు ఉరుకుతాది, అంచులో రంగు కలిసిపోయి కనపడ్తాది. పట్టు అవునా కాదా అంటే ఒక పోగు పీకి కాల్చు. పట్టయితే వెంట్రుకలు కాలిన వాసన, బూడిద వేళ్ళ మధ్య నలిగిపోతాది. పాలిస్టరయితే కరిగి పూస కడ్తాది.

జరీకి మటుకు నా దగ్గర మంత్రం లేదు. తెలిసిన కంసాలికి చూపించు.


లెక్కలసారు | కర్నూలు

దీనికి చట్టం కూడా ఉంది. 1985లో చేనేతకు కొన్ని రకాలు కేటాయిస్తూ చట్టం చేసినారు. మొదట 22 రకాలు, ఇప్పుడు 11 మిగిలినాయి. జరీ అంచు పట్టు చీరలు అందులో ఉన్నాయి. మరమగ్గం మీద వాటిని నేస్తే నేరం. మరమగ్గాలోళ్ళు, మిల్లులోళ్ళు కోర్టుకు పోతే 1993లో సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందని చెప్పింది కూడా.


మగ్గంగుంట | ధర్మవరం

చట్టం ఉంది సార్. ధర్మవరంలో రాత్రిపూట ఒకసారి నడవండి. చేమగ్గం చప్పుడు వేరే, ఆ చప్పుడు వేరే.


కోటవీధి | ధర్మవరం

దీంట్లో మాత్రం మగ్గంగుంట అన్న పక్కనే నేను. మా డిజైను పది దినాల్లో కాపీ అయ్యి మూడో వంతు ధరకు బజార్లో ఉంటుంది. లేపాక్షి పైకప్పు బొమ్మలు చూసి, అందులో ఆడోళ్ళు కట్టుకున్న చీరల అంచులు గీయించి మా నాయన ఒక డిజైను చేయించినాడు. విజయనగరం కాలం నాటి బొమ్మలు, నాలుగు వందల యాభై ఏండ్లకు పైగా పైకప్పుకు అంటుకోని ఉన్నాయి. మా చీరలోకి వచ్చినాక రెండు వారాలు కూడా మా సొంతంగా నిలబడలే.


అద్దాలకుట్టు | కదిరి దగ్గర తాండా

మీరందరూ మగ్గం గురించి మాట్లాడుతుంటే నేను సూది గురించి చెప్తా. లంబాడీ కుట్టుకు జీఐ ఉంది, సండూరు పేరు మీద, కర్ణాటకది. అదే కుట్టు మా అవ్వ కూడా కుట్టేది. రాష్ట్రాల గీత అవతలి తాండాలకు పేరుంది, ఇవతల మాకు లేదు. బ్యాగులకు, దిండు గలీబులకు ముక్కల లెక్కన కుట్టిచ్చుకొని పోతారు. ఎక్కడ అమ్ముతారో మాకు తెలీదు.

మా వైపే వేరే రకం కూడా చూసినా. ఆర్డీటీ, అంటే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ వాళ్ళ వర్క్‌షాపుల్లో దివ్యాంగులైన ఆడవాళ్ళు చేసిన వస్తువులు స్పెయిన్ దాకా పోయి అమ్ముడవుతాయి. ఆ ట్రస్టు పెట్టిన విన్సెంట్ ఫెర్రర్ గారు 1969లో అనంతపురం రాకపోయింటే ఆ దారి ఉండేది కాదు. మాకు తెలిసిన ఆమె ఒకామె అక్కడ పని చేస్తుంది, నెల జీతం. ముక్కల లెక్క కాదు. ఆ ఒక్క మాట చాలు నాకు.


పెన్నాగట్టు | అనంతపురం, ఉండేది బెంగళూరు

ఇన్ని మాటలు వస్తాయనుకోలేదు. రెండు రాత్రులు ఇదే చదివినా. మగ్గంగుంట అన్నకు వేరేగా మెసేజ్ పెట్టి, ఆయన ఒప్పుకున్నాకే ఇక్కడ రాస్తాండా.

అన్న మగ్గం మీద షావుకారు వార్పు ఉంది, ఆయన నేయలేడు. వాళ్ళ బామ్మర్దికి మగ్గం ఖాళీ ఉందంట, అడ్వాన్సు బాకీ కూడా లేదంట. ఆయన ఇచ్చిన లెక్క ఇది. పట్టు 4,300. జరీ 1,400. అద్దకం, డిజైను కార్డులు అన్నీ కలిపి 600. కూలి 7,000. మొత్తం 13,300. షావుకారు కూలి 4,500 కదా, ఏడు వేలెందుకు అని మా అమ్మ వెంటనే అడిగింది. ఒక్క చీరకే పడుగు పోయల్ల, మూడింటికి పంచే అతుకుపని ఒక్కదాని మీదే పడ్తాది, మిగిలిన పోగు వృథా అవుతాది అని అన్న చెప్పినాడు. ఆ పైన, ‘ఇంత అడగల్లని ఎప్పట్నుంచో ఉన్నింది, అడిగేదానికి మనిషి దొరకలే’ అన్నాడు.

సగం ముందే పంపినా, 6,650. పంపినాక కూడికలు చేసి చూస్తే తమాషాగా ఉంది. ముడిసరుకంతా కలిపి 6,300. అంటే ఈ 50 శాతం అన్నది ఎవరో ధర్మానికి పెట్టిన అంకె కాదు, సరుకు కొనుక్కునేదానికి సరిగ్గా సరిపోయే అంకె. సరుకు తనదైతే చీర తనది. చీర తనదైతే నాకు నచ్చకపోయినా ఇంకొకరికి అమ్ముకోవచ్చు.


లెక్కలసారు | కర్నూలు

అన్ని చీరలకూ అంత సరిగ్గా కుదరదు, పెన్నాగట్టూ. జరీ ఎక్కువుంటే సరుకే ముప్పాతిక అవుతుంది. అయినా నువ్వు పట్టుకున్న కొస సరైందే.


కోటవీధి | ధర్మవరం

ఒక్క చీర ఇట్లా నేయొచ్చు తమ్ముడూ. నీ చెల్లెలి పెళ్ళి అయిపోయినాక ఆ బామ్మర్ది మగ్గానికి ఫాల్గుణంలో పనెవరిస్తారు, ఆషాఢంలో ఎవరిస్తారు? మేమే కదా ఇచ్చేది. మీలాంటోళ్ళు ఏడాదికి పన్నెండు చీరలకు మాటిస్తే చెప్పు, మా నాయన కూడా నేతకే దిగుతాడు.


జరీపోగు | ప్రొద్దుటూరు

కోటవీధీ, ఆ మాట నాకు తగిలింది. నాకు నెలకు పది పన్నెండు చీరలు పోతాయి. అందులో రెండు ఆ బామ్మర్ది మగ్గం నుంచి తీసుకుంటా, ఆషాఢమైనా సరే. సగం ముందు ఇస్తా. అంతకంటే ఎక్కువ ఇప్పుడే చెప్పలేను, మా ఆయన్ను అడగల్ల. ‘నేరుగా నేతన్న నుంచి’ అని మటుకు ఆ రెండు చీరలకే రాస్తా, మిగిలిన వాటికి తీసేసినా. ఇప్పుడే తీసినా, కావాలంటే స్టేటస్ చూడండి.


దుప్పటిమడత | ఎమ్మిగనూరు

రెండు చీరలకూ కూలి ఎంతో చీటీ మీద రాసి చీరతో పాటు పెట్టు తల్లీ. గోడ లేకపోతే చీటీ.


పెన్నాగట్టు | అనంతపురం, ఉండేది బెంగళూరు

అందరూ అడుగుతాండారు కాబట్టి చెప్తా. చీర వచ్చింది. చెప్పిన తేదీ కంటే పదకొండు దినాలు ఆలస్యంగా వచ్చింది. అద్దకం ఆయన ఇంట్లో చావు జరిగిందంట, రంగు ఆగిపోయింది. ముహూర్తానికి అందలేదు. ముహూర్తానికి మా అత్త చీర కట్టించినారు, మా అమ్మ నాతో రెండు దినాలు మాట్లాడలేదు. వంకాయ రంగు చెప్తే రొంత ఎరుపు దిగింది. మూడో నాడు అత్తగారింటికి పోయేటప్పుడు చెల్లెలు కట్టుకుంది. అంచు తడిమి చూసి ‘అన్నా, నిజంగానే పండ్లున్నాయి’ అంది.

మిగిలిన 6,650 ఆ రోజే పంపినా. ఆలస్యానికి తగ్గించుకోమని బామ్మర్ది అన్నాడు, తగ్గించలేదు. తగ్గించి ఉంటే మా అమ్మ సంతోషపడేది, అది వేరే విషయం.


మగ్గంగుంట | ధర్మవరం

తమ్ముడూ, నీ చీర జరీ అర కండె మిగిలింది, పట్టు కూడా రొంత ఉంది. అది నీ డబ్బులతో కొన్నది, మా బామ్మర్ది తీసి పక్కన పెట్టినాడు. చిన్న పావడాకు అంచు వస్తాది. మీ ఇంట్లో ఆడపిల్ల ఎవరన్నా ఉంటే కొలత పంపు.


పెన్నాగట్టు | అనంతపురం, ఉండేది బెంగళూరు

మా అక్క కూతురుంది అన్నా, నాలుగేండ్లు. కొలత రేపు పంపిస్తా. కూలి ఎంతో ముందే చెప్పు.